మాడే ట్యాంకు, కారే ట్యాంకు

ఖమీస్ ముషైత్,
12 జనవరి 2025

లింబాద్రీ,

నీ వాయిస్ మెసేజ్ మేనల్లుడు సుభాన్ వినిపించాడు. రెండు నిమిషాల పదకొండు సెకన్లు. అందులో నిమిషంన్నర దగ్గు. మిగిలిన దాంట్లో నాకు అర్థమైనది ఇంతే: కంపెనీ డాక్టరు నీ ఛాతీ ఫోటో చూసి బీడీ మానమన్నాడు. దాని బదులు నువ్వు వేప్, అదే బ్యాటరీ సిగరెట్టు, కొనాలనుకుంటున్నావు. కాయిల్ పైనుండే ట్యాంకు మంచిదా, అడుగునుండే ట్యాంకు మంచిదా అని నన్ను అడుగుతున్నావు.

ఫోన్లో మాట్లాడదామంటే నా కుడి చెవి వినబడదు, ఎడమ చెవికి ఓపిక లేదు. కాబట్టి ఉత్తరం. ట్రెయిలర్ నడిపే హబీబ్ పదిహేను రోజులకోసారి ఈ కొండలు దిగి, సముద్రం ఒడ్డున నీ రాబిగ్‌లో సరుకు దింపుతాడు. జవాబు అతని చేతికే ఇవ్వు. నీకు అక్షరాలు దిద్దించింది నేనే కనుక రాయడం రాదని మాత్రం అనకు.

నా మేనల్లుడు ఈ వేప్ దుకాణం చూసుకోబట్టి నాలుగేళ్లయింది. నేను కౌంటరు పక్కన కుర్చీ వేసుకుని గిరాకీలను భయపెడుతుంటాను. కాబట్టి అధికారంతోనే చెబుతున్నాను: పై కాయిల్ కొను. ట్యాంకులో జ్యూసు, అంటే కాగి పొగయ్యే ద్రవం, ఉంటుంది. పైన చిన్న తీగచుట్ట, అదే కాయిల్. దాన్నుంచి వత్తులు కిందికి వేలాడి జ్యూసును పీల్చి తీగకు అందిస్తాయి. అచ్చం కిరసనాయిలు దీపం. నూనె కింద, మంట పైన. ఎన్ని రాజ్యాలు కూలినా మనిషి ఈ ఏర్పాటు మార్చలేదు. పొగ వెచ్చగా నోటికి అందుతుంది, చుక్క కారదు. అడుగు కాయిల్ కుర్రవాళ్లది. మేఘాలు వదులుతారు, వాన మాత్రం పడదు.

ఇప్పుడు అసలు పని. మే తొమ్మిదిన జెద్దాలో తెలుగు సంఘం వాళ్లు ఓబులయ్యకు సన్మానం చేస్తున్నారు. నలభై ఏళ్ల తర్వాత ఫైనల్ ఎగ్జిట్ మీద, ఇక తిరిగి రాకుండా, కడపకు వెళ్లిపోతున్నాడట. సంఘం అధ్యక్షుడు, అదే, తన కవిత తానే చదివి తానే కళ్లు తుడుచుకునే పెద్దమనిషి, ఫోన్ చేసి పాత క్యాంపు తరఫున నన్ను మాట్లాడమన్నాడు. ఒప్పుకున్నాను. పద్నాలుగు పేజీలు రాశాను.

97లో మన క్యాంపు పెయింట్ స్టోరు తగలబడినప్పుడు, ఆ స్టోర్‌కీపర్ ఓబులయ్య మేనేజరు దగ్గరకు పోయి, మస్తాన్ వలీ లోపల సిగరెట్ తాగుతాడని చెప్పాడు. ఆ మధ్యాహ్నం నేను ఆఫీసులో టైపు చేస్తూ ఉన్నాను. అది చూసినవాళ్లలో మిగిలింది నువ్వొక్కడివే. ఆ ముక్క రాసి సంతకం పెట్టి పంపు. సభలో మైకు ముందు చదువుతాను. శాలువా కప్పిన భుజాలు ఎలా వంగుతాయో చూడాలి.

మస్తాన్ వలీ


రాబిగ్,
27 జనవరి

మస్తానన్నకు నమస్తే.

ఉత్తరం అందింది. మూడుసార్లు చదివిన. నువ్వు దీపం లెక్క చెప్పినవు, నేను గీజర్ లెక్క చెప్త. ఇరవై ఆరేండ్ల సంది ఈ క్వార్టర్లల్ల గీజర్లు, పైపులు బాగుచేసుకుంట బతుకుతున్న. హీటర్ రాడ్ ఎప్పుడూ నీళ్లల్ల మునిగి ఉండాలె. నీళ్లు తగ్గి రాడ్ బయట పడ్డదంటే మాడుతది. కాయిల్‌ను పైన పెట్టుడంటే కుండ కింద పొయ్యి పెట్టకుండ, పొయ్యి కింద కుండ పెట్టినట్టే. ఏ మొగోడు చెప్పిండో గాని తెలివితక్కువ పని.

నా రూంల పెషావర్ షాబాజ్ ఉంటడు. ఆయన గూడ నీ పార్టీనే. "లింబా భాయ్, నీచేవాలా లీక్ కరేగా, జేబ్ కా సత్యానాశ్" అన్నడు, అడుగుది కారి జేబు ఖరాబు చేస్తదంట. లీకులు బంద్ చేసుడే నా కొలువు, నాకే చెప్తవా అన్న. కారితె తుడుచుకోవచ్చు. మాడినదాన్ని ఏం చేస్తం? నాకైతే కారినా పర్వాలేదు, మాడొద్దు. అడుగు కాయిల్‌ది ఒకటి పంపు.

ఓబులయ్య సంగతి. ముసలాయన ఇంటికి పోతుండు. పోనీయరాదే అన్నా. నీకు షుగర్ ఉన్నది, పద్నాలుగు పేజీలు నిలబడి చదువుతవా?

వదినమ్మను అడిగినట్టు చెప్పు.

లింబాద్రి


ఖమీస్ ముషైత్,
11 ఫిబ్రవరి

మొండి లింబాద్రీ,

గీజర్ వేడి నీళ్లిస్తుంది, వేప్ పొగ ఇస్తుంది. నీ స్నానాల గది నుంచి తత్వశాస్త్రం తీసుకురాకు. లోకంలో ఉన్న పుస్తకాలన్నీ చదివినవాడు చెబుతుంటే, పైపు రెంచి పట్టుకుని ఎదురు వాదిస్తావా?

నీకు అడుగు కాయిల్ పంపడం లేదు. పై కాయిల్ పంపుతున్నాను. ఇప్పుడు ఎవరూ కొనరు. సుభాన్ గోదాములో పాత పెట్టె ఒకటి మిగిలింది, అందులోది. పీల్చే ముందు ఒకసారి పక్కకు వంచి వత్తులు తడుపుకో. జ్యూసు పావు వంతుకు తగ్గితే మళ్లీ నింపు. ఇంత పనికి ఇంజనీరింగు డిగ్రీ అక్కర్లేదు.

దానితో పాటు కాగితం ఒకటి టైపు చేసి పంపుతున్నాను. ఆరు వాక్యాలు. అడుగున నీ పేరుంది. దాని మీద సంతకం గీకడమే నీ పని.

పోనీయమంటావా? నీకు అన్నీ తెలిసి కూడా ఆ మాట ఎలా రాశావు? మీ వదినమ్మ ఖాలిదా వీసా కాగితం మీద మన స్పాన్సరు, ఆ కఫీల్, సంతకం అయింది. ముద్ర ఒక్కటే మిగిలింది. ఆమె ప్రొద్దుటూరులో రెండు సూట్‌కేసులు సర్దింది, ఊరగాయ జాడీకి వాసెన కట్టింది. స్టోరు కాలిన మరునాడు కఫీల్ నా ముందే ఆ కాగితం చింపాడు. టైపిస్టు పని తీసేసి సిమెంటు బస్తాలు లెక్కపెట్టే పనిలో వేశాడు. ఆమె పది రోజులు చూసి సూట్‌కేసులు విప్పింది. ఆ తర్వాత రెండేళ్లకో నెల సెలవు. దాన్ని కాపురం అంటారా, తనిఖీ అంటారా?

నా పుస్తకాల పెట్టె కూడా ఆ స్టోరులోనే ఉండేది. బ్యారక్‌లో జాగా లేదని ఓబులయ్యే పెట్టుకోనిచ్చాడు. నూట పన్నెండు పుస్తకాలు. వాటి గురించి పేజీన్నర రాశాను. ఖాలిదా గురించి అర పేజీ. ఇది ఆమెకు చెప్పకు.

మస్తాన్ వలీ


రాబిగ్,
26 ఫిబ్రవరి

మస్తానన్నకు,

నీ పై కాయిల్‌ను నాలుగు రోజులు తాగిన. వంచిన, తడిపిన, నువ్వు చెప్పినట్టే చేసిన. ఐదో రోజు పని మీద ధ్యాసల పడి జ్యూసు చూసుకోలే. ఒక్క దమ్ము గుంజిన. గొంతులకు మాడిన దూది వాసన దిగింది.

అన్నా, అది పొగ గాదు. నాకు పెయింట్ స్టోర్ యాదికొచ్చింది. ఆ రంగు డబ్బాలు పేలుడు, ఆ వాసన. ట్యాంకు తీసి నీళ్ల బకెట్ల పడేసిన. షాబాజ్ ఉరికొచ్చి "క్యా హువా, క్యా హువా" అని ఈపు రాసిండు. రెండు దినాలు అన్నం సయించలే. మళ్ల బీడీ ముట్టిచ్చిన, అబద్ధం ఎందుకు.

నీ టైపు కాగితం తిరిగి పంపుతున్న. దాని మీద నేను సంతకం పెట్టను. కోపం చేసుకోకు. నా మాట నేనే రాస్త, నా చేతితోని. ఈద్ సెలవులకు హబీబ్ బండిల వస్త. నీ చేతిల పెడ్త. అప్పటిదాంక అడగకు.

అడుగు కాయిల్‌ది పంపుతవా, పంపవా?

లింబాద్రి


ఖమీస్ ముషైత్,
12 మార్చి

లింబాద్రీ,

రోజాలో ఉండి ఎవరినీ తిట్టకూడదు కాబట్టి ఇఫ్తార్ అయ్యేదాకా ఆగి రాస్తున్నాను. ఖర్జూరం గింజ ఇంకా నోట్లోనే ఉంది.

నువ్వు గాడిదవి. నాకు తెలిసిన గాడిదల్లో అక్షరాలు వచ్చినవాడివి నువ్వొక్కడివే, అదీ నా పాపమే.

సరే, నీ అడుగు కాయిల్. కొత్తది, మామిడి జ్యూసుతో సహా పంపుతున్నాను. కాయిల్ జ్యూసులోనే మునిగి ఉంటుంది, ఆఖరి చుక్కదాకా మాడదు. పొగ చల్లగా, జలుబు చేసినవాడి ఊపిరిలా వస్తుంది. నీకు అదే ఇష్టమైతే ఊరేగు. దీని విషయంలో గిరాకీలకు చెప్పే జాగ్రత్త ఒకటుంది. నీకు చెప్పను. లీకులు బంద్ చేసుడే నీ కొలువు కదా!

సొంతంగా రాస్తానన్నావు, సంతోషం. నా ఆరు వాక్యాలకంటే నీ వంకర అక్షరాలకే సభలో ఎక్కువ విలువ ఉంటుంది. ఓబులయ్య పేరు మాత్రం స్పష్టంగా రాయి. 'ఓ'కు దీర్ఘం మర్చిపోకు. నువ్వు ఎప్పుడూ మర్చిపోతావు.

అధ్యక్షుడు మళ్లీ ఫోన్ చేశాడు. నాకు ఐదు నిమిషాలేనట. ఆయన కవితకు ఇరవై. చూద్దాం, ఎవరి మైకు ఎవరు లాక్కుంటారో.

మస్తాన్ వలీ


ఖమీస్ ముషైత్,
6 ఏప్రిల్

తడి జేబు లింబాద్రికి,

నువ్వు వెళ్లి నాలుగు రోజులైనా దుకాణంలో మామిడి వాసన పోలేదు. సుభాన్ నిన్ను తలుచుకుని ఇప్పటికీ నవ్వుతున్నాడు.

ఆ దృశ్యం నా కళ్ల ముందే ఉంది. ఘాట్ రోడ్డు ఎక్కి, హబీబ్ బండి దిగి, ఈద్ ముబారక్ అంటూ చేతులు చాచుకుని వచ్చావు. చొక్కా జేబు దగ్గర అరచేతంత మరక. కౌగిలించుకుంటే నాకూ అంటింది. "ఇదేందే, బండి ఎక్కెటప్పుడు మంచిగనే ఉండె!" అని జేబులోంచి ట్యాంకు తీశావు. లోపల చుక్క లేదు.

"సగమే నింపిన గదా అన్నా! ఎండకు ఉబ్బితె జాగ ఉండాలెనని సగం ఖాళీ పెట్టిన. గీజర్‌కు గట్లనే పెడ్తం!"

సుభాన్ కౌంటరు మీద పడి నవ్వాడు. "మామూ, ఉబ్బేది జ్యూసు కాదు, గాలి. సముద్రం కాడ మూత బిగించి రెండు వేల మీటర్లు పైకొస్తే లోపలి గాలి ఉబ్బి, జ్యూసును కాయిల్ సందుల్లోంచి కిందికి తోస్తాది. నువ్వు సగం గాలి నింపుకోనొచ్చినావు. జెద్దా నుంచి వచ్చే గిరాకీలందరి జేబులూ ఇంతే."

"పై కాయిల్ అయితే ఆ గాలి పైనుంచే పోయేది" అన్నాను నేను. ఆ వాక్యం కోసం మూడు వారాలు ఎదురుచూశాను, లింబాద్రీ.

"నీకు ముందుగాల్నే ఎరుకనా?"

"ఎరుకే."

అప్పుడు నువ్వు అదే జేబులోంచి కాగితం తీశావు. నాలుగు మడతలు. విప్పితే నీలం గుజ్జు. జ్యూసు తాకితే బాల్‌పెన్ను సిరా నిలవదని నేనే గిరాకీలకు చెబుతుంటాను. పైన 'మధ్యాహ్నం' అనే మాట, ఒకచోట 'నేను', అడుగున నీ పేరులో సగం. మిగతాదంతా మామిడి.

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. నిన్ను గెలవాలని దాచిన చిన్న మాట, ఇరవై ఎనిమిదేళ్ల పగను నానబెట్టేసింది. ఇంతకంటే తెలివితక్కువ ముసలివాడి కథ నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

అయితే ఒక విషయం నన్ను కుడుతోంది. నీకు కోపం రాలేదు. బస్తా దింపిన హమాలీలా కుర్చీలో కూర్చుని, "పోనీ అన్నా, కాగితమే వద్దనుకున్నదేమో" అన్నావు. రెండు ప్లేట్ల బిర్యానీ తిన్నావు. మళ్లీ రాయమంటే, కళ్లద్దాలు తేలేదన్నావు. అవి నీ నెత్తి మీదే ఉన్నాయి.

పాత టైపు కాగితం మళ్లీ పంపుతున్నాను. ఇంకా నెల రోజులే ఉంది. ఈసారి సంతకం పెట్టు. నీ సొంత రచన అక్కర్లేదు.

మస్తాన్ వలీ


రాబిగ్,
20 ఏప్రిల్

మస్తాన్ వలీ గారికి,

ఇది పెన్సిల్‌తోని రాస్తున్న. పెన్సిల్ జ్యూసుకు కరగదని షాబాజ్ చెప్పిండు.

నిజమే, ఆ కాగితం పాడైతే నాకు పానం నిమ్మళమైంది. రాబిగ్‌ల ఆరుసార్లు రాసి చింపి, ఏడోసారి ధైర్యం చేసి జేబుల పెట్టుకొని వచ్చిన. అది కారిపోయింది. ఇగ దేవుడే వద్దన్నడు అనుకున్న. తిరిగొచ్చేటప్పుడు బండిల హబీబ్ పాటలు పెట్టిండు, నేను గూడ పాడిన. ఇంటికొచ్చి వారం దినాలు మంచిగ నిద్రపోయిన. తర్వాత నీ ఉత్తరం వచ్చింది. అండ్ల 'కుడుతోంది' అని రాసినవు.

కాగితం మీద ఓబులయ్య పేరు లేకుండె. దీర్ఘం పెట్టే పనే రాలె. నా పేరు ఉండె.

ఆ మధ్యాహ్నం స్టోర్‌లకు పోయింది నేను. నీ పెట్టెలకెళ్లి నువ్వు నాకు నేర్పే వాచకం తీసుకుందామని పోయిన. నువ్వు ఆఫీసుల ఉన్నవు, ఓబులయ్య నమాజ్ టైంకు షట్టర్ సగం దించి అన్నానికి పోయిండు. నేను పెట్టె మీద కూసొని బీడీ ముట్టిచ్చి పుస్తకం తెరిచిన. అన్నా, ఆ రోజు ఒక పేజీ పూరాగ నేనే చదివిన. ఎవరూ చెప్పకుండ. నక్క, బావి కథ. ఆఖరి గీత కాడికి వచ్చేసరికి నవ్వొచ్చింది నాకు, ఏడుపొచ్చింది. నీకు చెప్పాలెనని పుస్తకం పట్టుకొని ఆఫీసుకు ఉరికిన. బీడీ ఎక్కడ పెట్టిన్నో నాకు యాదికి లేదు. రంగుల కలిపే తిన్నర్ తుడిచిన గుడ్డలు ఆ పక్కనే ఉండె.

నేను వచ్చినప్పుడు నువ్వు టైపు చేస్తనే ఉన్నవు. అందుకే నువ్వు ఆఫీసుల ఉన్నవని నాకు అంత గట్టిగ తెలుసు. "చదివిన అన్నా" అన్న. నువ్వు తలకాయ ఎత్తి చూసేలోపట బయట 'మంటలు, మంటలు' అని ఒర్లుడు మొదలైంది.

అప్పటికి నేను వచ్చి నాలుగు నెలలు. పాస్‌పోర్టు వాళ్ల చేతిల ఉండె. ముందు భయమైంది. కఫీల్ నీ కాగితం చింపినంక సిగ్గయింది. తర్వాత నువ్వు ఓబులయ్యను తిడుతుంటె వినుడు అలవాటైంది. పక్క రూంల టీవీ లెక్క. ఖమీస్ ఇడిచిపెట్టి రాబిగ్‌కు వచ్చింది గూడ అందుకే, జీతం కోసం గాదు.

వదినమ్మ సూట్‌కేసులు విప్పిందని నువ్వు రాసిన గీత నేను చదవలేకపోయిన. నువ్వే నేర్పినవు, నాకే చదవరాలె.

ఇది మైకుల చదువుతవా, చించుతవా, నీ ఇష్టం. ఆ వాచకం నా దగ్గరనే ఉన్నది. నీ పెట్టెల మిగిలింది అదొక్కటే. పంపుతున్న.

లింబాద్రి


ఖమీస్ ముషైత్,
14 మే

లింబాద్రీ,

మూడు వారాలు జవాబు రాయలేదు. హబీబ్ రెండుసార్లు వచ్చి ఖాళీ చేతులతో వెళ్లాడు. రెండోసారి, "చాచా, ఉత్తరం లేకపోతే తిట్లయినా ఇవ్వు, మోసుకుపోతా" అన్నాడు. తిట్లు కూడా లేవన్నాను. ఇది నా జీవితంలో మొదటిసారి.

ముందు చేసిన పని చెబుతాను. పద్నాలుగు పేజీలు తీసి, ఓబులయ్య పేరు ఉన్న ప్రతిచోటా కొట్టేసి నీ పేరు రాసి చూశాను. పగ వృథా కాకూడదు కదా. ఒక్క వాక్యం అతకలేదు. 'నీచుడు' పక్కన నువ్వు నక్క కథ పట్టుకుని నిలబడ్డావు. 'కుట్రదారు' పక్కన నీ నెత్తి మీద కళ్లద్దాలు. అతికింది ఒక్కటే: 'ఈ మనిషికి పొగ తాగడం కూడా సరిగా రాదు.'

నీ మీద కోపం లేదనుకోకు. ఉంది. భోజనానికి ముందు కాస్త, తర్వాత కాస్త వేసుకుంటున్నాను, షుగర్ మాత్రలాగా. ఇరవై ఎనిమిదేళ్లు, కలిసినప్పుడల్లా నా ఎదుట కూర్చుని నా టీ తాగి, "అవునన్నా, ఓబులయ్య గసుంటోడే" అన్నావు. అది చిన్నది కాదు. నేను దాన్ని చిన్నది చేయను.

ఖాలిదాకు ఫోన్ చేసి నీ ఉత్తరం చదివి వినిపించాను. అంతా విని అడిగింది: "అయితే ఓబులయ్యన్నను ఇన్నేండ్లు ఉత్తపుణ్యానికి తిట్టినావా?"

"అతను మేనేజరుకు చెప్పాడు కదే."

"ఏం చెప్పినాడు? నువ్వు ఆడ సిగరెట్ తాగుతావని. తాగేవాడివి కాదా?"

తాగేవాడిని, లింబాద్రీ. ప్రతిరోజూ. ఆ ఒక్క మధ్యాహ్నం తప్ప. ఓబులయ్య అబద్ధం చెప్పలేదు. మిగతా రోజులన్నీ చూసినదే చెప్పాడు. ఈ సంగతి నా పద్నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు.

"ముందు ఆయనకు చెప్పు. ఆమీట లింబాద్రిని పిలిచి అన్నం పెట్టు. నేను విప్పిన సూట్‌కేసుల సంగతి నేను చూసుకుంటా, మీ ఇద్దరూ దాన్ని పట్టుకోని ఏడ్వాకండి" అని ఫోన్ పెట్టేసింది. అర పేజీ సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదు.

జెద్దా వెళ్లాను. అధ్యక్షుడు కవిత చదివాడు, కళ్లు తుడుచుకున్నాడు. నాకు మైకు ఇచ్చాడు. జేబులో పద్నాలుగు పేజీలు ఉన్నాయి, తీయలేదు. "ఓబులయ్య స్టోరులో ఒక్క మేకు కూడా తప్పిపోలేదు. నేను ఆ స్టోరులో సిగరెట్ తాగేవాడిని. తాగొద్దని ఆయన చాలాసార్లు చెప్పాడు. ఆయన చెప్పింది నిజం" అన్నాను. జనం అది హాస్యమనుకుని చప్పట్లు కొట్టారు. ఓబులయ్య ఒక్కడే నవ్వలేదు. శాలువాతో లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుని, నా వినబడే ఎడమ చెవిలోనే అన్నాడు: "ఇంత చిన్న మాట చెప్పేదానికి ఇన్నేండ్లు పట్టిందా, మస్తానూ?"

నీ పేరు చెప్పలేదు. చెప్పాలంటే నువ్వే చెప్పు. జూన్ పదిన ఆయన విమానం. జెద్దా నీకు దగ్గరే.

నీ వాచకం అందింది. నక్క, బావి కథ మళ్లీ చదివాను. అంత గొప్ప కథేం కాదు. నూట పన్నెండు పుస్తకాలు తగలబెట్టడానికి ఇంకొంచెం మంచి కథ ఎంచుకోవాల్సింది.

ఇక ట్యాంకు. ఈ ఉత్తరంతో కొత్త అడుగు కాయిల్ పంపుతున్నాను. నాకూ ఒకటి తీసుకున్నాను. మొన్న నా పై కాయిల్ మాడింది, నాకూ ఆ వాసన పట్టలేదు. నువ్వు గెలిచావని దీని అర్థం కాదు. నీ గీజర్ కంటే నా దీపమే ఇప్పటికీ గొప్పది.

ఓబులయ్యను పంపించాక, ఆ వారం శుక్రవారం ఇక్కడికి రా. అన్నం ఉంటుంది. ఈసారి గిరాకీలకు చెప్పేది నీకూ చెబుతున్నాను, శ్రద్ధగా చదువు: సగమూ వద్దు, పావూ వద్దు. ఘాట్ రోడ్డు ఎక్కే ముందు ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసుకుని రా. నింపడానికి ఇక్కడ నేనున్నాను.

మస్తాన్ వలీ